వెనక సీటు వాళ్ళ జ్ఞాపకాలు

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో నెలకొకసారైనా ఎవరో ఒకరు తెల్ల అంబాసిడర్ ఫోటో పెడతారు. కింద "ఆ రోజులే వేరు" అని రాస్తారు. ఇక చూడాలి సందడి! బాబాయిలు, పెదనాన్నలు, మావయ్యలు అందరూ ఒక్కసారి మేలుకుంటారు. ఒకరు ఇంజను గురించి, ఒకరు లీటరుకి ఎంత ఇచ్చేదో, ఇంకొకరు పదిమందిని ఎక్కించినా ఘాట్ రోడ్డు ఎలా ఎక్కేదో చెబుతారు. పిన్నులు, అత్తయ్యలు మాత్రం ఒక దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకుంటారు. వాళ్ళకి ఆ కారు గుర్తులేక కాదండీ. విడిగా కూర్చోబెట్టి అడిగితే గంటసేపు చెబుతారు. కాకపోతే వాళ్ళు చెప్పే మాటలు ఆ ఫోటో కింద రాసేవి కావు.

నేను అడిగాను. అందుకే ఇది రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను, పాత కార్లలో నా ఓటు అంబాసిడర్‌కి కాదు, మారుతీ 800కి. ఎందుకో చెబుతాను, విన్నాక మీరే తేల్చండి.

పాత కార్లు చూడాలంటే మా పోలవరం మంచి చోటే. మామూలు రోజుల్లో ప్రాజెక్టు టిప్పర్ల దుమ్ములో ఏమీ కనపడదు గానీ, శివరాత్రికి పట్టిసీమ రేవు దగ్గర నిలబడండి. వీరభద్రస్వామి దర్శనానికి ఎక్కడెక్కడి బండ్లో వస్తాయి. పడవల కోసం జనం వరసలో ఉంటే నేను గట్టు మీద కార్ల వరస చూస్తాను. నాకు నంబరు ప్లేటు చదవడం చిన్నప్పటి అలవాటు. ఏపీ 37 అంటే మన పశ్చిమ, ఏపీ 5 అంటే ఏటికి అవతల తూర్పు, ఏపీ 16 కృష్ణా, ఏపీ 20 ఖమ్మం. ప్లేటు చూడగానే వచ్చినవాళ్ళది ఏ జిల్లానో తెలిసిపోయేది. 2019 నుంచి కొత్త బండ్లన్నిటికీ రాష్ట్రమంతా ఏపీ 39 అని మొదలుపెట్టారు కదా, ఆ సరదా పోయింది. ఇప్పుడు ఏపీ 37 కనిపించిందంటే ఆ బండి పాతదని గుర్తు, అంతే.

అలా వెతికితే ఒకటో రెండో అంబాసిడర్లు ఇంకా కనిపిస్తాయి. గుండ్రటి హెడ్‌లైట్లు, పొట్ట ముందుకొచ్చిన పెద్దమనిషిలా ఆ బానెట్టు. ఫియట్ అయితే మరీ అరుదు. 1974 నుంచి దానికి ప్రీమియర్ పద్మిని అని పేరు మార్చారు గానీ మనవాళ్ళు చివరిదాకా ఫియట్ అనే అన్నారు. పోనీ ఆడపేరు పెట్టారు కదా, ఆడవాళ్ళెవరైనా నడిపారా అంటే, మా వైపు నేను చూడలేదు. మారుతీ 800లు మాత్రం ఇంకా సందుకొకటి ఉన్నాయి. పాల క్యాన్లు మోసేది ఒకటి, డిక్కీ తలుపు తాడుతో కట్టుకుని కూరగాయల గంపలతో సంతకి పోయేది ఇంకొకటి. వాటి ఫోటో ఎవరూ గ్రూపులో పెట్టరు.

అంబాసిడర్‌కి దక్కాల్సిన గౌరవం దక్కాలి, కాదనను. 1957లో కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు దాన్ని తయారుచెయ్యడం మొదలుపెట్టారు. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారునే మనవాళ్ళు ఆ పేరుతో దించుకున్నారు. 2014 మే దాకా, అంటే యాభై ఏడేళ్ళపాటు, పెద్దగా రూపం మారకుండానే వచ్చింది. ఊళ్ళో ఒక్కరికే కారుండే రోజుల్లో ఆ ఒక్క కారే ఊరందరికీ దిక్కు. పెళ్ళికొడుకుని తేవాలన్నా, పాము కరిచినవాణ్ణి ఆసుపత్రికి చేర్చాలన్నా అదే. 1986 ఆగస్టులో గోదారి పొంగినప్పుడు గట్టు మీదకి చేరిన ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఒక పెద్దాయన అంబాసిడర్ మూడు దఫాలుగా మెట్ట ఊళ్ళకి చేర్చిందని మా అత్తగారు ఇప్పటికీ చెబుతారు. ఆ మేలు మరిచిపోకూడదు.

కానీ ఆ కార్లో ఎవరెక్కడ కూర్చునేవారో ఒక్కసారి గుర్తుచేసుకోండి. తిరపతి వెళ్ళాలంటే కారు మాట్లాడేవారు. ముందు సీటు ఒకటే బల్లలా ఉండేది. డ్రైవరు పక్కన ఇంటి పెద్దాయన, ఆయన పక్కన అల్లుడుగారు. వెనక నలుగురు ఆడవాళ్ళు, ఒళ్ళో పిల్లలు, కాళ్ళ దగ్గర పులిహోర క్యారేజీ, మరచెంబు, వాంతులకి నిమ్మకాయ. కిటికీ పక్కన కూర్చోవాలని పిల్లల గొడవ. మా పెద్దత్తయ్యని "మీకు బాగా గుర్తున్నదేంటి?" అని అడిగితే ఏం చెప్పారో తెలుసా? "బయల్దేరే ముందు రోజు రాత్రి నుంచీ మంచినీళ్ళు తాగేవాళ్ళం కాదే" అన్నారు. దారిలో ఆపమని అడగడానికి మొహమాటం. మగవాళ్ళకి చెట్టు కనపడితే చాలు. ఆడవాళ్ళు నోరు తెరిచి అడగాలి, అదీ ముందు సీట్లో ఉన్న అల్లుడుగారు వింటుండగా. ఇంజను హార్స్‌పవరు చెప్పేవాళ్ళెవరికీ ఈ సంగతి తెలీదు. తెలిసే అవకాశమే లేదు, మనం చెప్పలేదు కదా.

ఇంకొక సంగతి మా అమ్మది. మా తాతయ్య, అంటే అమ్మ నాన్నగారు, లంక పొగాకు బాగా పండిన ఏడాది పాత అంబాసిడర్ ఒకటి కొన్నారు. అందరూ దాన్ని ప్లెజర్ కారు అనేవారు. ఆయనకి నడపడం రాదు, డ్రైవరుని పెట్టుకున్నారు. అమ్మ నన్ను కనడానికి పుట్టింటికి వచ్చింది. నొప్పులు మొదలైన రాత్రి డ్రైవరు అంతర్వేది తీర్థానికి వెళ్ళాడు. కారు షెడ్డులో ఉంది, తాళం మేకుకి వేలాడుతోంది, డ్రైవరు లేడు. ఇంట్లో అమ్మమ్మ, ఇద్దరు పిన్నులు. చివరికి ఎడ్లబండి కట్టించారు. తాళ్ళపూడి చేరకముందే బండిలోనే నేను పుట్టేశానట. అమ్మ దీన్ని నవ్వుతూనే చెబుతుంది. ఆ కారు గురించి తాతయ్యకి ఉన్న గర్వంలో మాత్రం ఈ రాత్రి ఎప్పుడూ కలవలేదు.

మరి పిన్నులు నేర్చుకోవచ్చు కదా అంటారేమో. కొంత ఆ బండిలో కూడా ఉంది. టన్ను దాటిన బరువు. పవర్ స్టీరింగు లేదు, ఆగి ఉన్నప్పుడు తిప్పాలంటే భుజాలు ఊడొచ్చేవి. గేరు స్టీరింగు పక్కన ఉండేది, క్లచ్ రాయిలా ఉండేది. మన ఎత్తుకి ముందు రోడ్డు కనపడాలంటే దిండు వేసుకోవాలి. ఒక్కోసారి ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పితే గానీ స్టార్టవదు. కొంత బండి బరువు, మిగతాది ఇంటి బరువు. "కారు నడపడం ఆడవాళ్ళ పని కాదు" అనడానికి ఆ బండి మంచి సాక్ష్యంగా పనికొచ్చింది.

ఆ సాక్ష్యాన్ని చెరిపేసింది మారుతీ. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరాగాంధీగారు మొదటి కారు తాళాలు అందించారు. ధర అప్పట్లో అరలక్ష అటూఇటూ. జపాను సుజుకీ వాళ్ళతో కలిసి గుర్‌గావ్‌లో చేసిన బండి. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను, బరువు సుమారు 650 కిలోలు, గేరు కింద చేతికందేలా. తాళం తిప్పితే స్టార్టయ్యేది. 2014 జనవరిలో తయారీ ఆపేసేనాటికి మనదేశంలోనే పాతిక లక్షలకు పైగా అమ్ముడుపోయాయి.

మా వైపు మగవాళ్ళు మొదట్లో దాన్ని చూసి నవ్వారు. అగ్గిపెట్టె అన్నారు, సబ్బుపెట్టె అన్నారు. నలుగురు కలిస్తే ఎత్తి పక్కన పెట్టొచ్చన్నారు. ఆ వెక్కిరింతే మనకి కలిసొచ్చిందని నా అభిప్రాయం. అది కారే కాదనుకున్నారు కాబట్టి "సరే, ఆడవాళ్ళు నడిపితే నడపనీ" అన్నారు. నేను మొదటిసారి స్టీరింగు వెనక ఒక ఆడమనిషిని చూసింది కొవ్వూరులో, ఎర్ర మారుతీలో వచ్చిన డాక్టరమ్మగారు. అప్పుడు నాకు పదకొండేళ్ళు, పుష్కరాల సంవత్సరం, 1991. గోదారి స్నానం ఏమో గానీ ఆవిడ కొంగు బొడ్లో దోపుకుని కారు వెనక్కి తీసిన తీరు ఇప్పటికీ నా కళ్ళముందుంది.

మావారు 2006లో ఒక సెకండ్ హ్యాండ్ మారుతీ కొన్నారు. ఏపీ 37, తెల్లది. మూడేళ్ళకి ఆయన పెద్ద కారు తీసుకుంటే ఇది అమ్మితే ఏమీ రాదని ఇంట్లోనే ఉండిపోయింది. అలా నా చేతికొచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, రోడ్డు మీద ఎవరూ లేని వేళ, గూటాల వైపు ఏటిగట్టు రోడ్డు మీద నేర్చుకున్నాను. నేర్పింది మా మరిది. అత్తగారు "ఎందుకమ్మా ఎండలో" అన్నారు గానీ వద్దనలేదు.

మరుసటి వానాకాలంలో మా తోడికోడలికి నెలలు నిండకముందే నొప్పులొచ్చాయి. రాత్రి పదకొండు. మగవాళ్ళిద్దరూ ఊళ్ళో లేరు. ఫోను చేస్తే అంబులెన్సు వేరే ఊరు వెళ్ళిందన్నారు. నేను తాళం తీసుకున్నాను. అత్తగారు వెనక దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకున్నారు. పట్టిసీమ, తాళ్ళపూడి, కొవ్వూరు, రోడ్డు కం రైలు వంతెన దాటి రాజమండ్రి. ముప్పై పైచిలుకు కిలోమీటర్లు. వంతెన మీద ఉండగా కింద రైలు వెళ్ళింది, మొత్తం అదిరింది, వెనకనుంచి అత్తగారు "ఆపకు, ఆపకు" అన్నారు. తెల్లవారేసరికి ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. అమ్మకి ఫోను చేసి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా ఇంట్లో కూడా తాళం అక్కడే ఉండేదే" అంది.

ఇంకొకటి కూడా జరిగింది. ఆ తర్వాత నేను ఎప్పుడు కారు తీసినా అత్తగారు వెనక కాకుండా ముందు తలుపు తీసుకుని నా పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పలేదు. దారిలో ఎక్కడ ఆపాలో కూడా ఆవిడే చెబుతారు. మంచినీళ్ళు హాయిగా తాగుతారు.

ఇప్పుడు ఈ రెండు బండ్ల గతి చూడండి. మన సొంత కార్ల రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు, తర్వాత అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు 600 నుంచి ఒక్కసారిగా 5,000 అయింది. యాభై ఏళ్ళు దాటి, రూపం మార్చకుండా ఉంచుకుంటే వింటేజ్ అని 2021 నిబంధనల్లో గౌరవం ఇచ్చారు. పాత అంబాసిడర్లు అక్కడికి చేరిపోయాయి. పూలదండలు, ఊరేగింపులు. 1990ల మారుతీకి ఆ వయసు రావాలంటే ఇంకా చాలా ఏళ్ళు ఆగాలి. ఈలోగా అవి తుక్కుకి పోతాయి. వాటిని దాచమని నేను అనడం లేదు. రేకు పలచన, ఎయిర్‌బ్యాగులు లేవు, పొగ కూడా ఎక్కువే. పోవాల్సినవి పోతాయి. కానీ కారు పోయినా దాని కథ ఒక్క ముందు సీటు వాళ్ళదే మిగలకూడదని నా బాధ.

అందుకే ఇంటింటా ఒక పని చేద్దామా? పాత ఆల్బంలో కారు ఫోటో ఉంటే దాని వెనక రాయండి, ఏ ప్రయాణమో, ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరు ఇంట్లో ఉండిపోయారో. అమ్మనీ అత్తగారినీ అడిగి రాయండి. వాళ్ళు చెప్పేది ఇంజను పుస్తకంలో దొరకదు.

రెండోది ఇంకా ముఖ్యం. ఇప్పుడు మనిళ్ళల్లో కార్లకి కొదవలేదు. పవర్ స్టీరింగు ఉంది, కొన్నిటికి గేరు మార్చే పని కూడా లేదు. బండి బరువనే సాకు ఎప్పుడో పోయింది. అయినా నాకు తెలిసిన ఎన్నో ఇళ్ళల్లో ఆడవాళ్ళు తయారై, చేతిసంచీ పట్టుకుని వరండాలో ఎదురుచూస్తూనే ఉన్నారు, "ఆయన వస్తారు, తీసుకెళ్తారు" అని. మేకుకి తాళం వేలాడుతూనే ఉంది. అమ్మాయిలకి పద్దెనిమిది నిండగానే లైసెన్సు తీయిద్దాం. మనకి నలభై అయినా, యాభై అయినా మధ్యాహ్నం ఒక గంట తీరిక చేసుకుందాం. ఏటిగట్టు రోడ్డు లేకపోతే ఊరి బయట ఖాళీ స్థలమైనా ఉంటుంది కదండీ.