ఏమీ తెలియదని నవ్వించిన ఆట



సెలవులకు పిల్లలు ఇళ్లకు చేరినప్పుడు అందరూ కలిసి ఆడదగిన ఆటలను గూర్చి ఈ శీర్షికలో అప్పుడప్పుడు మాట్లాడుకుంటున్నాము. అష్టాచెమ్మా, పులి-మేక, వామనగుంటలు మీకు మేము చెప్పనక్కరలేదు. ఈ మాసం మాత్రం మన పల్లెల్లో అనేకులు పేరైనా వినియుండని ఆట ఒకటి తీసుకున్నాము. అది అమెరికా ఆట. 1995లో కంప్యూటరు మీద ఆడుకొనుటకు సీడీ రూపంలో వెలువడింది. పేరు ‘యూ డోంట్ నో జాక్’.

పేరుకు అర్థం చెప్పవలసి వస్తే కొంచెం ఇబ్బందే. ‘నీకు బొత్తిగా ఏమీ తెలియదు పో’ అన్నట్లు అక్కడివారు వాడే మాట అది. ఆ మాటకు ఇంగ్లీషులో ఒక మోటు తోక కూడా ఉన్నది. ఆ తోకను మింగివేసి మిగిలినదాన్ని పేరుగా పెట్టుకున్నారు. ఆట స్వభావం కూడా సరిగ్గా అంతే. పెద్ద చదువుల సంగతులు అడుగుతుంది, అడిగే తీరు మాత్రం సంత రోజున అరుగు మీద కూర్చుని ఎగతాళి చేసే మేనమామ తీరు.

విచిత్రమేమంటే దీని పుట్టుక బడి పిల్లల కొరకే జరిగింది. చికాగోలో హ్యారీ గాట్లీబ్ అనే ఆయన విద్యా సంబంధమైన చిత్రాలు తీసే చిన్న సంస్థను నడిపేవారు. దానినుండే తరువాత జెల్లీవిజన్ అనే సంస్థ వచ్చింది. పిల్లలు కథల పుస్తకాలు చదువునట్లు ప్రోత్సహించుటకు, చదివిన పుస్తకం మీద ప్రశ్నలడిగే కంప్యూటరు ఆట ఒకటి వారు మొదట తయారుచేశారు. అది చూసి కాలిఫోర్నియాలోని బర్క్‌లీ సిస్టమ్స్ వారు, ఇదే పద్ధతిలో పెద్దలకొక ఆట చేయరాదా అని అడిగారు. కంప్యూటరు ఊరకున్నప్పుడు తెర మీద రెక్కలు కట్టుకుని ఎగిరే రొట్టెల పెట్టెల బొమ్మలు తెచ్చినవారు వీరే. ఇరువురూ కలిసి చేసిన ఫలమే ఈ ఆట.

ఇక ఆడే విధానం. ఒక్క కీబోర్డు ముందు ముగ్గురి వరకు కూర్చోవచ్చు. ఎడమ చేతివానికి క్యూ అక్షరం, నడిమివానికి బి, కుడివైపువానికి పి. ప్రశ్న వినబడగానే ముందుగా ఎవరు తమ మీట నొక్కితే వారిదే జవాబు చెప్పే వంతు. నాలుగు జవాబులలో ఒకటి ఎంచుకోవాలి. సరియైతే డబ్బు చేరుతుంది, తప్పయితే పోతుంది. డబ్బంటే తెర మీద కనబడే అంకెలే గనుక ఎవరి ఇంటి గాదె ఖాళీ అయ్యేది లేదు.

తెర మీద బొమ్మలు దాదాపు లేవు. నల్లని తెర, దాని మీద ఎగురుతూ దొర్లుతూ వచ్చే అక్షరాలు, అంతే. ఆ సంవత్సరాలలో తక్కిన ఆటలన్నీ రంగుల బొమ్మల కోసం పోటీ పడుతుంటే వీరు కంఠాన్ని నమ్ముకున్నారు. మొదటి భాగంలో ప్రశ్నలడిగే నేట్ షాపిరోకు గొంతు ఇచ్చినది గాట్లీబ్ గారే. తరువాతి భాగాలలో వేరే గొంతులు వచ్చాయి. వారిలో కుకీ మాస్టర్సన్ అనే పాత్ర అభిమానులకు ఎక్కువ ఇష్టుడు. ఒక విధంగా ఇది రేడియో నాటకం వంటిది. ఆకాశవాణి నాటకాలు విని పెరిగిన మనవంటివారికి ఆ రుచి వేరే చెప్పాలా?

ప్రశ్నల పద్ధతి మీకు తెలియాలంటే మన మట్టిలోనుండి ఒకటి తయారుచేసి చూపుతాము. ఇది ఆటలోనిది కాదు, మేము కల్పించినదే. “మీ ఊరి కమ్మరి బండి చక్రానికి ఇనుప పట్టా తొడిగే ముందు దాన్ని ఎర్రగా కాలుస్తాడు. తరువాత నీళ్లు పోస్తాడు. తెలియకుండానే ఆయన ఏ తరగతి పాఠం చెబుతున్నాడు? ఒకటి, చరిత్ర. రెండు, వేడికి లోహం సాగుట. మూడు, జలుబుకు ఆవిరి పట్టుట. నాలుగు, కోపం వచ్చినప్పుడు ఇంట్లో ఎలా ఉండాలి.” చదువుకున్నవాడు నవ్వుతూ రెండు అంటాడు. చదువులేని కమ్మరికి కూడా జవాబు తెలుసు, పేరు తెలియదంతే. జాక్ ఆట చేసిన పని ఇదే. షేక్స్‌పియరును, రసాయన శాస్త్రాన్ని తీసుకొచ్చి టీవీ హాస్యాల పక్కన, దుకాణంలో అమ్మే చిరుతిండి పక్కన కూర్చోబెట్టింది. గ్రంథాలయం, వీధి అరుగు ఒకే ప్రశ్నలో కలిసేవి.

మరొక రకం ప్రశ్నలో ఏడు పేర్లు చెప్పి, ముప్పై సెకన్లలో ఇది ఇదా, అదా అని తేల్చమంటారు. ఒక్కొక్కసారి రెండూ కావచ్చు. పల్లె పిల్లలతో మీరే ఆడించవచ్చు: మామిడి పేరా, ఊరి పేరా? చెరకురసం, రేపల్లె, సువర్ణరేఖ, బనగానపల్లె... చివరిదాని దగ్గర ఇల్లంతా గోల లేస్తుంది, ఎందుకంటే అది రెండూను.

అర్థంలేని వాక్యపు ప్రశ్న అనేది ఇంకొకటి. అందరికీ తెలిసిన మాటకు ప్రాస కుదిరేటట్లు పిచ్చి వాక్యం ఒకటి ఇస్తారు. అసలు మాటేదో కనిపెట్టి వ్రాయాలి. ఆలస్యమైనకొద్దీ సూచనలు వస్తుంటాయి, రావలసిన డబ్బు తరుగుతుంటుంది. తెలుగులో అయితే ఇలా అడుగవచ్చు: ‘వంట మలిచి పచ్చ నిలువు’. ఇది ఏ సామెత? ఆలోచిస్తూ ఉండండి.

ఆ ప్రశ్నలో మీట నొక్కుట గాక అక్షరాలు వ్రాయాలి గనుక, కొందరు కుర్రవాళ్లు అక్కడ బూతు మాట వ్రాసి చూసేవారు. ఆట దాన్ని కనిపెట్టేది! ప్రశ్నలడిగే ఆయన మండిపడి డబ్బు కోసేవాడు. మానకపోతే చివరకు ఆటనే మూసేసేవాడు. పెద్దలు ఎదురుగా లేరనుకున్నచోట యంత్రం చివాట్లు పెట్టేసరికి ఆ కుర్రవాళ్ల ముఖాలు చూడవలసిందే. అయినా ఈ ఆట తానే శుద్ధమైనదని మేము చెప్పము. దాని హాస్యంలో కొంత మోటుతనం ఉన్నది, పెద్దల ఛలోక్తులు ఉన్నవి. చిన్నపిల్లల చేతికి ఉన్నదున్నట్లుగా ఇచ్చేది కాదు.

పొరుగువానిని ఇరికించే మీట కూడా ఒకటి ఉన్నది. ప్రశ్న కఠినంగా ఉండి, పక్కవానికి తెలియదని మీకు గట్టి నమ్మకముంటే, ఆ మీట నొక్కి ప్రశ్నను అతని మెడకు కట్టవచ్చు. అతను తప్పు చెప్పితే నష్టం అతనిదే. పొరుగువానిని ప్రేమించుమని ప్రతి ఆదివారం వినే మనకు ఇదేమి బుద్ధి అనిపించుట సహజమే. కాని చూడగా చూడగా దీనిలో మరొక సంగతి కనబడింది. ఇరికించబడినవాడు సరిగ్గా చెప్పాడా, డబ్బంతా అతనిది. ఇరికించినవాడు నోరు తెరచుకుని చూడాలి. ఎదుటివానికి ఏమీ తెలియదనే మన అంచనా ఎంత తరచుగా తలక్రిందులవుతుందో ఆ మీట చూపించినట్లు పెద్ద ఉపన్యాసాలు కూడా చూపలేవు.

ఇది మా కళ్లారా చూసినదే. 1998 ప్రాంతంలో, కంప్యూటరు పని మీద అమెరికా వెళ్లిన మా బంధువొకరు సెలవుకు వస్తూ ఆ సీడీ తెచ్చారు. ఆ ఇంట ఉన్న ఏకైక కంప్యూటరు ముందు పీట మీద ముగ్గురు ఇరుక్కుని కూర్చునేవారు, వెనుక మేమందరం నిలుచునేవాళ్లం. సగం ప్రశ్నలు మాకు బోధపడేవి కావు. అక్కడి టీవీ పాత్రల పేర్లు, వారి ఊళ్లలో అమ్మే అటుకుల డబ్బాల పేర్లు మనకెక్కడివి? బట్టలుతికే సబ్బు పేరు అడిగినా అది వారి సబ్బే. తెలుగు మాధ్యమంలో చదివే మా మేనల్లుడు ఒకడు నోరు విప్పక మూలన ఉండేవాడు. పట్నం పిల్లవాడొకడు వానిని ఇరికించే మీట నొక్కాడు. ఆ ప్రశ్న లోహాలను గూర్చినది. ఇంగ్లీషు పూర్తిగా అందకపోయినా మూలకం పేరు అందింది, వాడు నొక్కిన అంకె సరిపోయింది. తరువాతి నుండి పి అక్షరం దగ్గర వానికి చోటు ఖాయమైపోయింది.

తప్పు చెప్పినప్పుడు ఆ కంఠం ఎగతాళి చేసేది, నిజమే. మన ఇళ్లలోను, బడులలోను తప్పు జవాబుకు మొట్టికాయే పడుతుంది, బిడ్డ ఆ తరువాత జవాబు చెప్పుటే మానుకుంటాడు. ఈ ఎగతాళికి ఎవరూ ముడుచుకుపోలేదు. కారణమేమని మేము ఆలోచించాము. అది గెలిచినవానిని కూడా వదిలేది కాదు, తన్ను తాను కూడా వదులుకునేది కాదు. ఒక్కని మీదనే పడే నవ్వు గుచ్చుకుంటుంది గాని అందరి మీద సమానంగా పడే నవ్వులో ఎవరికీ గాయం తగలదు.

ఆ కంఠం మనలను చూస్తున్నట్లే ఉండేది. దాని వెనుకనున్న కిటుకును గాట్లీబ్ గారు ‘జాక్ సూత్రాలు’ అనే పేరుతో వ్రాసి ఉంచారు. ఒకసారికి ఒకే పని ఇవ్వాలి. ఎంచుకొనుటకు కొద్ది దారులే ఉంచాలి. ఇప్పుడేమి చేయాలో ఆడేవానికి ప్రతి క్షణం తెలియాలి. అతను ఊరకుంటే యంత్రం కాచుకుని కూర్చోకుండా ముందుకు సాగాలి. అన్నిటికంటె ముఖ్యం, అతను చేసినదానికే గాక చేయనిదానికి కూడా, ఇంతకు ముందు చేసినదానికి కూడా మనిషి పలికినట్లు పలకాలి. అందుకే ఒక్కొక్క తప్పు జవాబుకు ఒక్కొక్క ప్రత్యేకమైన చురక ముందుగానే వ్రాసి, పలికించి సీడీలో దాచారు. ఈ రోజుల్లో అడిగినదానికి అప్పటికప్పుడు మాటలు కూర్చి చెప్పే యంత్రాలు ఫోనులోనే ఉన్నవి. 1995లో అట్టిది లేదు. ఎక్కడో చికాగోలో నలుగురు కూర్చుని, ఎవరో ముక్కు మొగం తెలియనివాడు ఈ ప్రశ్నకు మూడు అని నొక్కుతాడు, ఎందుకు నొక్కుతాడు, వానికి ఏమి చెప్పితే నవ్వుతాడు అని ఓపికగా ఊహించారు. మన పొరపాటును గూర్చి ముందుగానే అంత శ్రద్ధ పెట్టినవారు ఉన్నారంటే మాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

2001 వేసవిలో దీన్ని పాల్ రూబెన్స్ అనే నటునితో అమెరికా టీవీలో వేశారు. ఆరు భాగాలకే ఆగిపోయింది. ఆగక ఏమవుతుంది? టీవీలో వేరెవరినో ఎగతాళి చేస్తుంటే చూచుట వేరు, మన పీట మీద మనమే పడుట వేరు. జర్మనీ వారు మాత్రం ఉన్నదాన్ని మాటకు మాట అనువదించి సరిపెట్టుకోక, తమ టీవీ, తమ నుడికారంతో తిరిగి వ్రాసుకున్నారు. తెలుగులో అట్టిది రాలేదు. మామిడి పళ్లకు, సామెతలకు కొదువ లేని మనకు రాకపోవుట వింతే.

సీడీల కాలం 2003తో ముగిసింది. 2011లో ఆట మరల వచ్చింది. జాక్‌బాక్స్ అని పేరు మార్చుకున్న ఆ ఆటల సంస్థ 2014లో తెచ్చిన ఆటల మూటలో ఇదీ ఒకటి. అప్పటినుండి ఎవరి ఫోను వారికి మీటగా పనిచేస్తున్నది. 2020లో వ్యాధి భయంతో జనం ఇళ్లలో ఉండిపోయినప్పుడు, దూరదేశాల్లో ఉన్నవారు తెర మీద ఒకరినొకరు చూచుకుంటూ ఈ సంస్థ ఆటలు ఆడుకున్నారు. మంచిదే. అయితే మోచేతులు తగిలేలా ముగ్గురు ఒక్క కీబోర్డు మీద వాలుట మాత్రం అందులో లేదు.

సామెత ఇంకా దొరకనివారికి ఒక సూచన: అందులో మొదట వచ్చేది మీ గుమ్మం లోపల, తరువాత వచ్చేది గుమ్మం బయట.