తాండ్ర అడుగు శుభ్రముగా ఉండవలెను

సుల్తాన్ బజారు అంగళ్ళలో మామిడి తాండ్ర కొను ఇల్లాలిని ఒకసారి గమనించుడు. ముందు రంగు చూచును. పిమ్మట వాసన చూచును. ఆ తరువాత ముక్కను తిరగవేసి అడుగు చూచును. అడుగున చాప పీచు గాని, ఇసుక రేణువు గాని, చీమ గాని కనబడినచో ధర అడుగకుండనే ముక్కను ఉన్నచోట పెట్టి ముందుకు సాగును. పైభాగము ఎంత మెరిసినను ఆమెకు పనిలేదు. రైతు ఏడాది పొడవున పెంచిన పండు, అతని ఇంటి ఆడవారు ఎండలో నిలబడి చేసిన చాకిరి, ఆ అడుగు దగ్గర ఓడిపోవుచున్నవి.

ఈ బజారు బేరము తెలిసిన బజారు. బ్రిటిషు వారి అధీనములో రెసిడెన్సీ బజారుగా ఉండి, 1933లో నిజాం ప్రభుత్వమునకు తిరిగి వచ్చిన పిమ్మట సుల్తాన్ బజారు అను పేరు పొందినది. 1901లో స్థాపింపబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము ఇక్కడనే ఉన్నది. ఇచ్చటికి వచ్చు తెలుగు ఇల్లాలికి తాండ్ర కొత్త వస్తువు కాదు. మంచిదేదో, కానిదేదో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు.

రైతు సోదరులారా, గ్రామస్థాయి అధికారులారా! ఆరబెట్టు యంత్రములను గురించి మనము చాలా మాట్లాడుచున్నాము. యంత్రములోని పళ్ళెము మీద ఏమి పరువవలెనో మాత్రము ఎవరును చెప్పుట లేదు. నా అభిప్రాయములో యంత్రమెంత ముఖ్యమో పళ్ళెము మీది పరుపు అంత ముఖ్యము. మరల మరల వాడదగిన అంటని షీట్లను యంత్రముతో పాటే కొనవలెను. వానిని వంటపాత్రల వలెనే ఎంచి వాడుకొనవలెను.

మన పెద్దలు చేసిన పద్ధతిని తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. విజయనగరం జిల్లాలోని భీమాలి, గోదావరి డెల్టాలోని ఆత్రేయపురము తాండ్రకు పేరు పొందిన గ్రామములు. అచ్చట చాప మీద గుజ్జును పలుచగా పూసి, ఎండిన దాని మీద మరియొక పూత పూసి, రోజుల తరబడి పొర మీద పొరగా తాండ్రను పెంచుదురు. చాప గాలిని పోనిచ్చును. అందువలన అడుగు కూడ ఆరును. ఇది చాపలోని గొప్ప గుణము. దాని లోపము కడుగుటలో ఉన్నది. అల్లికల సందులలో చిక్కిన తీపి గుజ్జు ఎంత కడిగినను పూర్తిగా పోదు. చీమలు చేరును, బూజు పట్టును. అంటకుండుటకు రాచిన నూనె పాతబడి మక్కిన వాసన వేయును. ఆ వాసన కొత్త తాండ్రకు ఎక్కును.

చాపను విడిచిన కొందరు అంతకంటె చెడ్డ దారి పట్టినారు. ఖాళీ ఎరువుల సంచులను విప్పి పరచువారు ఉన్నారు. రంగు పాలిథీన్ కవర్లను, లారీల మీద కప్పు పట్టాలను పరచువారును ఉన్నారు. ఇవి ఆహారము కొరకు చేసినవి కావు. ఎరువుల సంచి ఎన్నిసార్లు కడిగినను ఎరువుల సంచియే. మామిడి గుజ్జు పులుపు గలది. వేడిలో పులుపు పదార్థము తాను తాకిన దానిలోని రంగును, మందును తనలోనికి లాగుకొనగలదు. జింకు పూత వేసిన రేకుల మీద గుజ్జును నేరుగా పోసినను ఇదే జరుగును. పులుపునకు జింకు కరగి తాండ్రలో చేరును. మైనపు కాగితము వేడికి కరగి అంటుకొనును. బేకరీ వారు వాడు కాగితము మంచిదే గాని ఒకటి రెండు సార్లకే చిరుగును.

ఇక అంటని షీట్ల సంగతి చూతము. ఇవి ముఖ్యముగా రెండు రకములు. ఒకటి గాజునూలు గుడ్డకు టెఫ్లాన్ పూత వేసినది. రెండవది సిలికాన్‌తో చేసినది. టెఫ్లాన్ అను పదార్థమును 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అను రసాయన శాస్త్రజ్ఞుడు కనుగొనెను. దానికి దేనినీ అంటుకొను గుణము లేదు. గుజ్జు ఆరిన తరువాత అంచు పట్టి లాగిన తాండ్ర చాపచుట్ట వలె పైకి వచ్చును. నూనె రాయవలసిన పని లేదు.

టెఫ్లాన్ విషమని విన్నాము గదా అని కొందరు అడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. పొయ్యి మీద ఖాళీ పెనమును 300 డిగ్రీలు దాటి కాల్చినపుడు ఆ పూత చెడి హానికరమైన పొగ వచ్చును. తాండ్ర ఆరబెట్టు వేడి 60 నుండి 65 డిగ్రీల సెంటిగ్రేడు మాత్రమే. ఆ వేడికి పూతకు ఏమియు కాదు. మరియొక సంగతి కలదు. ఈ పూత తయారీలో పూర్వము పి.ఎఫ్.ఓ.ఏ. అను రసాయనమును వాడెడివారు. అది హానికరమని తేలినందున 2019లో స్టాక్‌హోమ్ అంతర్జాతీయ ఒప్పందపు నిషేధ పట్టికలో చేర్చిరి. కావున పేరు, ఊరు లేని షీటును కొనరాదు. ఆ రసాయనము లేదని తయారీదారు వ్రాసి ఇచ్చిన దానినే కొనుడు. అప్పటికిని మనసు ఒప్పనివారు సిలికాన్ షీటు తీసికొనవచ్చును.

కొనుటకు బజారునకు బయలుదేరు ముందు పళ్ళెము కొలత వ్రాసికొని వెళ్ళుడు. ఇది చిన్న మాట వలె తోచును గాని చాలామంది ఇచ్చటనే పొరబడుచున్నారు. పెద్ద షీటు తెచ్చి కత్తెరతో కోసినచో కోసిన అంచు నుండి గాజునూలు పోగులు రాలును. ఆ పోగులు తినదగినవి కావు. అంచులు మూసి ఉన్న షీటునే సరియైన కొలతకు కొనవలెను. ఆహారము తాకుటకు తగిన వస్తువని తెలుపు గ్లాసు, ఫోర్కు బొమ్మ దాని మీదనో, అట్ట మీదనో ఉన్నదేమో చూడవలెను. బిల్లు అడిగి తీసికొనవలెను.

సరియైన కొలత అనగా ఏమి? ఇది మీ యంత్రమును బట్టి ఉండును. వెనుక ఫ్యాను ఉండి గాలి అడ్డముగా వీచు యంత్రములో పళ్ళెము నిండ షీటు పరచవచ్చును. వేడిగాలి క్రింది నుండి పైకి పోవు పెట్టెలో అట్లు పరచినచో గాలి దారి మూసికొనిపోవును. క్రింది పళ్ళెము మాడును, పై పళ్ళెము పులియును. అట్టి పెట్టెలో షీటు పళ్ళెము కంటె నాలుగు ప్రక్కల రెండేసి అంగుళములు చిన్నదిగా ఉండవలెను. సౌర ఆరబెట్టు పెట్టెలు కొన్నవారు కూడ తమ పెట్టెలో గాలి ఏ దారిన నడచునో ముందు తెలిసికొనుట అవసరము.

ఇప్పుడు లెక్క చూడుడు. ఒక చదరపు మీటరు షీటు మీద 5 మిల్లీమీటర్ల మందమున గుజ్జు పోసిన 5 లీటర్లు పట్టును. చక్కెర కలిపిన ఆ గుజ్జులో నాలుగవ వంతు మాత్రమే గట్టి పదార్థము ఉన్నదనుకొనుడు. దానిలో నూటికి 17 పాళ్ళ తేమ నిలుచునట్లు ఆరబెట్టిన చేతికి వచ్చు తాండ్ర సుమారు ఒకటిన్నర కిలో. అనగా మూడున్నర కిలోలకు పైగా నీరు పోవలెను. ఈ నీరంతయు పైముఖము నుండియే పోవలెను, ఏలయన షీటు చాప వలె గాలిని పోనీయదు. షీటులోని లోపము ఇదే. దీనిని దాచి అమ్మువారి మాట నమ్మరాదు.

దీనికి ఉపాయము సులభము. గుజ్జును మందముగా పోయకుడు. మధ్య పలుచగను అంచున మందముగను ఉండునట్లు పరచుడు. అంచులు ముందుగా ఎండి పెళుసగును గనుక ఇట్లు చేయవలెను. తొందరపడి వేడి పెంచకుడు. పెంచినచో పైన తోలు కట్టి లోపలి తేమ చిక్కుపడును. అట్టి తాండ్ర నెల తిరుగక ముందే బూజు పట్టును. పైముఖము వ్రేలికి అంటకుండ అయినపుడు తాండ్రను షీటు నుండి ఊడదీసి, తిరగవేసి, జల్లెడ వంటి పళ్ళెము మీద మరల యంత్రములో పెట్టుడు. అడుగు కూడ ఆరును. చాపలోని గుణము, షీటులోని గుణము రెండును మీకు దక్కును.

షీటును కాపాడుకొను విధము తెలియనిచో అది ఒక ఋతువునకే పాడగును. తాండ్రను షీటు మీద ఉంచి కత్తితో కోయరాదు. ఊడదీసి చెక్క మీద పెట్టి కోయవలెను. పీచుతో గాని, ఇనుప తీగతో గాని తోమరాదు. గోరువెచ్చని నీరు, సబ్బు, మెత్తని గుడ్డ చాలును. నీడలో ఆరనిచ్చి, మడత పెట్టక చుట్టగా చుట్టి దాచవలెను. ఉల్లి, వెల్లుల్లి ఆరబెట్టిన షీటు మీద మామిడి గుజ్జు పోయరాదు. వాటికి వేరే షీట్లు ఉంచుకొనవలెను. పూత లేచినను, గాజునూలు కనబడినను ఆ షీటును జాలి లేక తీసివేయవలెను.

ఖర్చు ఎక్కువ గదా అనువారికి ఒక మాట. షీటు ధర 300 రూపాయలనుకొనుడు. 100 సార్లు వాడినచో ఒక్కొక్క సారికి 3 రూపాయలు పడును. జాగ్రత్త లేక 10 సార్లకే చెడగొట్టినచో 30 రూపాయలు పడును. షీటు చవకయో ప్రియమో నిర్ణయించునది దుకాణదారు కాదు, మీ ఇంటి కడుగుడు గుడ్డ.

గ్రామస్థాయి అధికారులకు నా మనవి వేరే ఉన్నది. 2020లో కేంద్ర ప్రభుత్వము చిన్న ఆహార తయారీ పరిశ్రమల కొరకు ప్రారంభించిన పథకములో వ్యక్తిగత యూనిట్లకు ఖర్చులో నూటికి 35 వంతులు, గరిష్ఠముగా 10 లక్షల రూపాయలు రాయితీగా నిర్ణయించిరి. ఇట్టి పథకముల అంచనాలు వ్రాయునపుడు యంత్రము ధర వ్రాసి చేతులు దులుపుకొనుచున్నాము. షీట్లు లేని యంత్రము ఇంటికి చేరిన తరువాత ఆ సోదరి ఏమి చేయును? చేతికి దొరికిన కవరు పరచును. ఆ తప్పు ఆమెది కాదు, మనది. ఇకమీదట ప్రతి అంచనాలోను పళ్ళెమునకు రెండేసి షీట్లు చేర్చుడు. ఒకటి యంత్రములో ఉండగా రెండవది కడిగి ఆరవేసికొనవచ్చును. యంత్రము అప్పగించు రోజుననే పరచుట, ఊడదీయుట, కడుగుట ఆమె చేతనే చేయించి చూపుడు.

షీటు చెడ్డ పండును మంచి పండు చేయదు. ఆరుబయట ఎండబెట్టిన తాండ్ర మీద వ్రాలు ఈగను ఆపదు. దానికి వల కప్పవలసినదే. చేయు చేతులు శుభ్రముగా లేనిచో ఏ పరుపును రక్షింపజాలదు. అయినను గాలివానకు రాలిన కాయను మాగబెట్టి, సంతలో ధర పడిపోయిన పండును పిండి, నాలుగు రూపాయలు నిలుపుకొనవలెనని చూచు కుటుంబమునకు, తాండ్ర అడుగున కనబడు ఒక్క పీచు ముక్క పెద్ద నష్టము. ఈ వేసవిలో మొదటి గుజ్జు తీయక ముందే పళ్ళెము కొలుచుకొనుడు. సుల్తాన్ బజారులో ఆ ఇల్లాలు ముక్కను తిరగవేసి చూచినపుడు ఏమియు కనబడక, ధర అడుగవలెను.