కప్పుకు చందా, కాలికి లేదు

సంక్రాంతికి మన సముద్రతీరాన మైపాడు, కోడూరు వైపు కబడ్డీ, వాలీబాల్ పోటీలంటే షామియానాకు, మైకుకు, కప్పులకు చందాలు ఇట్టే పోగవుతాయి. మోకాలు తిరిగిన కుర్రాడి ఆసుపత్రి బిల్లు మాత్రం ఇంటివాళ్ల నెత్తినే.

చవకైన దారి ఒకటుంది. ప్రధానమంత్రి సురక్షా బీమా 2015లో ఏడాదికి 12 రూపాయలతో మొదలైంది, 2022 జూన్ నుంచి 20. ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి లక్ష. అయితే విరిగిన చేతికి వేసే కట్టు ఖర్చు ఇందులో రాదు. 18 నిండనివాళ్లకు అసలు వర్తించదు. మన జట్ల నిండా వాళ్లేనాయె! ఆసుపత్రి ఖర్చులిచ్చే ప్రమాద పాలసీలు పోస్టాఫీసుల్లోనూ దొరుకుతాయి. ఆటల్లో తగిలిన దెబ్బలకు మినహాయింపు ఉందేమో సంతకానికి ముందే అడగండి.

ఇంకొకటి. సురక్షా బీమా రెన్యువల్ మే నెలాఖరులో. అప్పటికి సముద్రంలో చేపల వేటపై నిషేధం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు ఒడ్డునే, మత్స్యకారుల ఇళ్లలో డబ్బాడదు. ఆ 20 రూపాయలు కప్పుల ఖర్చులోంచి తీసి ఆటగాళ్ల ఖాతాల్లో వేస్తే నిర్వాహకుల సొమ్మేం పోదు.