విచారణ లేని శిక్ష

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పురపాలక సంఘములలో గృహనిర్మాతలకు 2020 నాటి భవనానుమతుల శాసనము గొప్ప సౌకర్యము కల్పించినది. 75 గజముల లోపు స్థలమున చిన్న యింటికి ఒక్క రూపాయితో నమోదు చాలును. 600 గజముల వరకు యజమాని స్వయంధ్రువీకరణమే ఆధారము. కాని ఆ ధ్రువీకరణము తప్పినచో నోటీసు లేకయే కూల్చు అధికారమును ఆ శాసనమే యొసగినది.

మురుగుకాలువ నాక్రమించి గోడ లేపువానిని మేము సమర్థింపము. వానివలన పొరుగిండ్లలో నీరు నిలుచును. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు సైతము కూల్చివేతకు ముందు 15 దినముల నోటీసు, విచారణ తప్పనిసరి చేయుచు, రోడ్లు మొదలగు బహిరంగస్థలముల ఆక్రమణలను మినహాయించెను. అయితే తన స్థలముననే కొలత తప్పినవాని సంగతి వేరు. మాట నమ్మి అనుమతి యిచ్చిన ప్రభుత్వము, మాట వినకుండ కూల్చుట ధర్మము కాదు. పురపాలకులు ముందు నోటీసు నంపవలయును. పిదపనే గునపము నెత్తవలయును.