ఆమ్లపు తొట్టిలో చిటికెడు సరేసు

మన కళాశాలలయందు రసాయనశాస్త్రము చదువు విద్యార్థి, ఫారడే మహాశయుడు 1830వ దశకమున నిర్ణయించిన విద్యుద్విశ్లేషణ నియమములను కంఠస్థము చేసి, ఇంత విద్యుత్తు ప్రవహించినచో ఇంత రాగి ఋణధ్రువముపై చేరునని క్షణములో లెక్కగట్టగలడు. కాని చేరిన ఆ రాగి నున్నగా మెరయునో, ముండ్లుముండ్లుగా మొలచి పొడియై రాలునో ఆ లెక్క చెప్పదు. దానిని తేల్చునవి పెక్కుచోట్ల మన పాఠ్యగ్రంథములు ఒక్క వాక్యముతో దాటవేయు సంకలిత ద్రవ్యములే.

రాగిశుద్ధినే చూడుడు. 1865లో జేమ్స్ ఎల్కింగ్‌టన్ పేటెంటు పొందిన పద్ధతియే మూలరూపమున నేటికిని నడచుచున్నది: మైలుతుత్తమును గంధకికామ్లమును కలిసిన వేడి ద్రావణమున మలినపు రాగిఫలకము ధనధ్రువమై కరగుచుండగా, నిర్మలమైన రాగి ఋణధ్రువముపై పేరుకొనును, వెండిబంగారములు మడ్డితో అడుగున దిగును. లీటరు ద్రావణమున ఆమ్లము 150 గ్రాములకు పైబడి యుండగా, పశువుల ఎముకలనుండియు తోళ్లనుండియు కాచితీసిన సరేసు, థయోయూరియా, క్లోరైడు అనువాని పాలు మిల్లీగ్రాములలో మాత్రమే. అవి లేనిచో, ఎత్తైన చోటికే విద్యుత్తు అధికముగా చేరును గనుక చిన్న బుడిపె పెద్దదై, తుదకు ఎదుటి ధనధ్రువమును తాకి, విద్యుత్తు వృథాగా పారును. సరేసు అట్టి మిట్టలను అంటిపెట్టుకొని వాని పెరుగుదలను మందగింపజేయును. అయితే అరువది డిగ్రీల వేడిగల ఆమ్లములో తానును విచ్ఛిన్నమగుచుండును గావున నిన్న పోసినది నేటికి చాలదు. శాకాహారుల ఇండ్లలోని విద్యుత్తీగలు సైతము ఎముకల జిగురునకు ఋణపడియున్నవన్నచో కొందరు నొచ్చుకొందురేమో!

ఈ విద్యయే 1997లో కంప్యూటరు చిప్పులలోనికి ప్రవేశించినది. అల్యూమినియమునకు మారుగా రాగిని వాడెదమని ఐబీఎం సంస్థ ఆ యేట ప్రకటించినది. తలవెండ్రుకలో నూరవవంతుకన్న సన్నని కాలువలను నింపునపుడు మొగము ముందు మూసికొని లోపల గుల్ల మిగులుట సహజము. పాలీఇథిలీన్ గ్లైకాల్ క్లోరైడుతో కూడి పైభాగమును అణచుచుండగా, గంధకము గల మరియొక కర్బనద్రవ్యము అడుగున సాంద్రమై అచ్చటి వేగమును హెచ్చించును; అందుచేత కాలువ క్రిందనుండి పైకి నిండును.

ఇంతటి విద్య మన చిన్న ప్లేటింగు శాలలకు ఎట్లు అందుచున్నది? మూతవేసిన డబ్బాలలో, వ్యాపారనామముల చాటున. పూత మసకబారినచో పనివాడు మెరుపునిచ్చు సంకలితమైన బ్రైటెనరును ఇంకొక కొలత పోయును. ఎక్కువైనను పూత పెళుసెక్కును. విరిగిన అణువుల శేషములు తొట్టిలో పేరుకొనును. కొన్నిచోట్ల తుదకు ద్రావణమంతయు పారబోయవలసివచ్చును. ఆ పారబోసినది ఏ కాలువలో కలియునో చెప్పనక్కరలేదు.

తమ శ్రమతో కనుగొన్న పాళ్లను తయారీదారులు దాచుకొనుట అన్యాయమని నేననను. కాని గుట్టు విప్పకయే కొలత నేర్పవచ్చును గదా. 1948లోనే కారైకుడియందు కేంద్ర విద్యుద్రసాయన పరిశోధనాలయమునకు శంకుస్థాపన చేసికొన్న దేశమునకు ఇది పరాయి విద్య కాదు. 1939లో రిచర్డ్ హల్ పేటెంటు పొందిన చిన్నతొట్టి ఒకటి కలదు: పట్టునది 267 మిల్లీలీటర్లు, ఋణధ్రువపు రేకు ఏటవాలుగా నుండుటచేత, కొద్ది నిమిషములలో ఒక్క రేకుమీదనే హెచ్చుతగ్గు విద్యుత్సాంద్రతలలో పూత యెట్లుండునో కంటికి కనబడును. దానిని పాలిటెక్నిక్ ప్రయోగశాలల పాఠక్రమమున చేర్చుటకును, పారిశ్రామికవాడకు ఒకటి చొప్పున ప్రభుత్వ పరీక్షాకేంద్రమున ఉంచి, తొట్టి యజమాని తెచ్చిన ద్రావణమును స్వల్పరుసుముపై పరీక్షించి యిచ్చుటకును పెద్ద ధనము అక్కరలేదు. వలసినవి ఒక రెక్టిఫయరు, కొన్ని ఇత్తడి రేకులు, వానిని చదువనేర్చిన ఉపాధ్యాయుడు.