ఏసీ కాయకు రంగు నిలుస్తుంది, ధర నిలుస్తుందా?

ఏటా ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు మిర్చి వర్తకులందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. వచ్చిన సరుకును వచ్చిన ధరకు వదిలించుకోవాలా, లేక స్టోరేజీకి పంపి ఆగాలా? గుంటూరు యార్డుకు రాబడులు ముమ్మరంగా వుండేది ఈ నెలల్లోనే. ఎండలు ముదిరాక యార్డుకు వేసవి సెలవులు ఇస్తారు. ఆ తరువాత మళ్ళీ కొత్త కాయ దిగేదాకా కారం మిల్లులకూ, మసాలా కర్మాగారాలకూ, ఎగుమతిదారులకూ ప్రధానమైన ఆధారం కోల్డు స్టోరేజీలలోని ఏసీ సరుకే.

ఈ ఏర్పాటు వల్ల వ్యాపారానికి జరిగిన మేలును ఎవరూ కాదనలేరు. అయితే దీని వెంట ఒక దురభిప్రాయం కూడా బలపడింది. సరుకు ఎటువంటిదైనా, కొన్న ధర ఎంతైనా, ఏసీలో పెడితే చాలు, నాలుగు నెలలు గడిస్తే లాభం దానంతట అదే వస్తుందన్నది ఆ అభిప్రాయం. దీనివల్ల రైతు, కమిషన్‌దారు, కొనుగోలుదారు ముగ్గురూ దెబ్బ తింటున్నారు. స్టోరేజీ ఇచ్చినదాన్ని ఇచ్చినట్లు కాస్తుంది. చెడ్డ సరుకును మంచి సరుకుగా మార్చదు, పెరిగిపోయిన నిల్వలను కొరతగా మార్చదు.

పచ్చికాయ వేరు, ఎండుకాయ వేరు

మిరపను ఏడాది పొడవునా వంటకు అందించడానికి చలిని రెండు విధాలుగా వాడుతున్నారు. పచ్చిమిర్చినీ, కాప్సికంనూ కడిగి, తడి తుడిచి, సున్నాకు దిగువన 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకట్టించి నిల్వ చేస్తారు. బఠాణీకి చేసినట్లు ముందుగా వేడినీళ్ళలో ముంచి తీయవలసిన అవసరం మిరపకు లేదు. కాని కాయలోని నీరు మంచుగా మారేటప్పుడు లోపలి కండ చీలుతుంది. బయటికి తీశాక కాయ మెత్తబడుతుంది. కూరకూ, పచ్చడికీ పనికి వస్తుంది గాని, తాజా కాయ బిగువు మాత్రం వుండదు. కర్మాగారం నుండి వంటింటి దాకా ఆ చలి మధ్యలో తెగకూడదు. అది ఖర్చుతో కూడిన పని. దాని లారీలు వేరు, దాని కొనుగోలుదారులు వేరు.

మన యార్డు వ్యాపారం ఆ పద్ధతిది కాదు. చెట్టు మీద పండి, కళ్ళంలో ఎండిన కాయలో గడ్డకట్టేటంత నీరు వుండదు, వుండకూడదు కూడా. దానికి 4 నుండి 7 డిగ్రీల చల్లదనం, చీకటి, అదుపులో వున్న గాలి తేమ చాలు. పచ్చికాయను చలి ఒక్కటే కాపాడుతుంది. ఎండుకాయను ముందు ఎండ కాపాడాలి, ఆ తరువాతే చలి. ఈ వరుసను మరిచిపోవడం వల్లనే చిక్కులన్నీ వస్తున్నాయి.

చలి వల్ల కలిగే మేలు

ఎండుమిర్చిలో ముందుగా పోయేది రంగు. కాయకు ఎరుపునిచ్చే కాప్సాంథిన్ మొదలైన పదార్థాలు వేడికీ, వెలుతురుకూ, గాలికీ క్రమంగా నశిస్తాయి. ఘాటునిచ్చే కాప్సైసిన్ అంత త్వరగా పోదు. అందుకే మామూలు గోడౌనులో వేసవీ, వానాకాలమూ గడిపిన కాయ నోటికి మండుతూనే వుంటుంది గాని కంటికి ఆనదు. మిర్చి బేరమంతా కంటితోనే మొదలవుతుందని బ్రోకర్లకు చెప్పనక్కరలేదు. కాయను పిండి రంగు, సారం తీసే ఓలియోరెసిన్ కర్మాగారాలు కొచ్చి పరిసరాలలో వున్నాయి. అవి రంగును యంత్రాలతో కొలిచి మరీ ధర కడతాయి. ఘాటు తక్కువై, రంగు ఎక్కువగా వుండే బ్యాడిగి రకాలకు ఈ కారణం వల్లనే చల్లని నిల్వ మరింత ముఖ్యం.

రెండవ మేలు పురుగు నుండి రక్షణ. గోడౌనులో మిర్చిని తొలిచే పెంకుపురుగు ఆ చలిలో వృద్ధి చెందలేదు. ఇక మూడవ మేలు రైతుది. స్టోరేజీలు లేని రోజుల్లో వాన పడేలోగా ఏ ధరకైనా అమ్ముకోక తప్పేది కాదు. ఇప్పుడు తన పేరిట నాలుగు టిక్కీలు దాచుకుని, బాండు చేతబట్టుకుని బేరమాడగల స్థితి అతనికి వచ్చింది. ఇది చిన్న విషయం కాదు.

చలి వల్ల కానిది

నీళ్ళు చల్లిన కాయను చలి బాగు చేయదు. బాగా ఎండిన కాయ తొక్కిడికి విరిగిపోతుందని, తూకం కూడా తగ్గుతుందని, సంచులకు ఎత్తే ముందు నీళ్ళు చల్లే అలవాటు ఎక్కడెక్కడ వున్నదో వర్తకులకు బాగా తెలుసు. కొద్దిపాటి తడి కోసమని మొదలుపెట్టినది తూకం కోసం చల్లడంగా మారుతున్నది. లెక్క చూడండి. 14 శాతం తేమ వున్న క్వింటాలు కాయ 10 శాతానికి ఎండితే సుమారు నాలుగున్నర కిలోలు తగ్గుతుంది. క్వింటాలు రూ. 12,000 అనుకుంటే, కొన్నవాడు నీటికి చెల్లించినది రూ. 530 పైమాటే.

పోయేది తూకం ఒక్కటే అయితే బేరంలో సర్దుకోవచ్చు. అసలు ప్రమాదం బూజు. తడి కాయలో పెరిగే కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తాయి. స్టోరేజీలో బూజు పెరుగుదల ఆగవచ్చు గాని, లోపలికి వెళ్ళేలోగానే పుట్టిన విషం అక్కడే వుంటుంది. 5 డిగ్రీల చలికి అది చావదు, ఆ తరువాత ఎండకూ పోదు. యూరప్ దేశాలు మిర్చిలో అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 మైక్రోగ్రాములు మించకూడదని హద్దు పెట్టాయి. ఆరు నెలలు అద్దె కట్టి కాపాడిన సరుకు రేవులో పరీక్షకు ఆగిపోయి తిరిగి వస్తే, ఆ నష్టం ఎవరి ఖాతాలో వ్రాసుకోవాలి?

సరుకును బయటికి తీసేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. చల్లని సంచిని శ్రావణమాసపు గాలిలోకి ఒక్కసారిగా తెస్తే, గాలిలోని తేమ కాయ మీద చెమటలా పడుతుంది. ముందు గదిలో కొంతసేపు వుంచి, చలి విడిచాక లారీకి ఎక్కించడం పాత పద్ధతి. తొందరలో దీన్ని వదిలేసి, గుమ్మటాకు వెళ్ళి కాయ మెత్తబడిందని, స్టోరేజీ మంచిది కాదని అనుకుంటే లాభం లేదు.

రంగు పోయిన కాయను ఎలాగైనా అమ్మాలన్న ఆశ వ్యాపారాన్ని ఎంత దూరం తీసుకుపోతుందో 2003లో చూశాము. మన దేశపు మిర్చి ఉత్పత్తులలో సుడాన్-1 అనే నిషిద్ధ రంగు బయటపడి, యూరప్‌లో అత్యవసర తనిఖీలు విధించారు. తప్పు చేసినవారు కొందరే, పరీక్షల ఖర్చు మాత్రం అందరి మీదా పడింది.

ఆగినందుకు అయ్యే ఖర్చు

ఇక ధర మాట. మార్చిలో రూ. 12,000కు కొన్న క్వింటాలును నవంబరు దాకా ఆపామనుకుందాం. నూటికి నెలకు రూపాయి వడ్డీ చొప్పున ఎనిమిది నెలలకు రూ. 960. అద్దె, హమాలీ, బీమా కలిపి రూ. 400 అనుకుందాం. తరుగు ఒక శాతమే అనుకున్నా రూ. 120. అంటే ధర రూ. 13,480 పలికితే గాని పెట్టిన సొమ్ము తిరిగి రాదు. లాభం లెక్క ఆ తరువాత మొదలవుతుంది. స్టోరేజీ గుమ్మం దగ్గరే ఈ లెక్క చీటీ మీద వేసుకునేవారు ఎంతమంది?

కొన్ని ఏళ్ళు ఈ ఎదురుచూపు ఫలించింది. 2021-22 పంటను నల్ల తామర పురుగు తుడిచిపెట్టినప్పుడు సరుకు చేతిలో వున్నవారు బాగుపడ్డారు. ఆ తరువాతి సీజనులోనూ ధరలు జోరుగానే నడిచాయి. కాని మిర్చి ధర పెరిగిన ఏడు దాని వెనకే సాగు కూడా పెరుగుతుందన్నది పాత పాఠం. 2017లో పంట పోటెత్తి ధరలు పడిపోయినప్పుడు, ఏప్రిల్ 28న ఖమ్మం యార్డులో రైతుల ఆగ్రహం కట్టలు తెంచుకుంది. కేంద్రం మే నెలలో క్వింటాలుకు రూ. 5,000 చొప్పున జోక్య పథకం ప్రకటించవలసి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో మళ్ళీ అదే పరిస్థితి. ఆంధ్రప్రదేశ్ మిర్చికి రూ. 11,781 ధరతో, 2.91 లక్షల టన్నుల పరిమితితో కేంద్రం ఆదుకోవలసి వచ్చింది. ఆ సీజనులో కొత్త కాయకు పోటీగా నిలిచినది ఇతర దేశాల సరుకు కాదు, మన స్టోరేజీలలో మిగిలిపోయిన పాత సరుకే.

ఏసీలో నిల్వ వున్న ప్రతి టిక్కీ ఎప్పుడో ఒకనాడు బయటికి రావలసిందే. అందరూ ఒకే ధర కోసం ఆగితే, అందరూ ఒకే నెలలో అమ్మకానికి వస్తారు. డిసెంబరులో కొత్త కాయ కనపడగానే పాత కాయ విలువ ఇంకొంత జారుతుంది. అప్పుడు డీలక్సు రకానికి బేరం దొరకవచ్చు. మీడియానికీ, తాలుకూ అడిగేవారే వుండరు.

చేయవలసినవి

మొదటిది, స్టోరేజీ గుమ్మం దగ్గర తేమ కొలవాలి. కొలిచే పరికరం పెద్ద ఖరీదు కాదు. 10, 11 శాతం దాటిన సరుకును వెనక్కు పంపి ఎండబెట్టించాలి. తేమ ఎంతో, రకం ఏదో, ఏ తేదీన లోపలికి వెళ్ళిందో బాండు మీద వ్రాయాలి. సంచుల లెక్క మాత్రమే వున్న బాండు మీద అప్పు ఇచ్చేవాడు సంచులకు అప్పు ఇస్తున్నాడు గాని సరుకుకు కాదు. గిడ్డంగుల చట్టం 2007లో వచ్చింది, నియంత్రణ సంస్థ 2010 నుండి వున్నది. రిజిస్టరైన గిడ్డంగుల రసీదులకు నాణ్యత వివరంతో పాటు చేతులు మారే హక్కు కూడా వుంటుంది. మిర్చి స్టోరేజీలు ఆ దారి పట్టడం వ్యాపారానికే మంచిది.

రెండవది, ఏ రకం ఎన్ని టిక్కీలు నిల్వ వున్నదీ, వారంలో ఎన్ని బయటికి వెళ్ళినదీ యార్డు బోర్డు మీద ప్రతి శనివారం వ్రాయాలి. లైసెన్సులు, ఆంక్షలు మళ్ళీ తెమ్మని ఎవరూ అడగడం లేదు. అంకె బయట పెడితే చాలు. నేడు నిల్వల మాట వచ్చినప్పుడు పెద్ద వర్తకుడికి ఒక అంచనా, బ్రోకరుకు ఒక పుకారు, రైతుకు ఒక ఆశ మాత్రమే వుంటున్నాయి. నిల్వ పేరుకుంటున్నదని ఆగస్టులోనే తెలిస్తే రైతు నారు పోసే ముందు ఆలోచించుకుంటాడు, వర్తకుడు అమ్మకాన్ని విడతలుగా పంచుకుంటాడు. లెక్క బయటపడితే బేరం పోతుందని భయపడేవారు వుండవచ్చు. లెక్క తెలియనందువల్ల పోయిన బేరాలు అంతకంటే ఎక్కువ.

మూడవది, మంచి సరుకునే ఆపాలి, తక్కువ రకాన్ని యార్డులోనే వదులుకోవాలి. అద్దె డీలక్సుకైనా, తాలుకైనా ఒకటే. ఆ అద్దెను మోయగల శక్తి మాత్రం డీలక్సుకే వుంటుంది. ఆపిన సరుకును కూడా ఒక్క ధర కోసం కాక, మూడు నాలుగు విడతలుగా అమ్ముకునేవారే మార్కెట్టులో ఏళ్ళ తరబడి నిలిచారు.

మిర్చి నిల్వలో మన ప్రాంతానికి వున్న అనుభవం, వున్న వసతి సామాన్యమైనవి కావు. వాటికి తోడు గుమ్మం దగ్గర తేమ లెక్క, బోర్డు మీద నిల్వ లెక్క కూడా వుండాలి. వచ్చే సీజనులో మొదటి లారీ స్టోరేజీ చేరేలోగానే స్టోరేజీ యజమానులు, కమిషన్‌దారులు, మార్కెట్ కమిటీ కూర్చుని ఈ రెండింటి మీద ఒక నిర్ణయానికి రావడం అవసరం.