ఆడపిల్లల దేహవేదనకు తొందర తీర్పులు వద్దు

తన ఒంటిని తాను భరించలేకపోతున్నానని ఒక ఆడపిల్ల చెబితే, పూర్తిగా వినకముందే కారణం తేల్చేస్తున్నాం. కొందరు అది ఫోన్లు తెచ్చిపెట్టిన మోజంటారు. మరికొందరు అది జెండర్ సమస్యే, ఇంకేమీ అడగొద్దంటారు. ఈ రెండు తొందరలూ ఆ పిల్లకే చేటు చేస్తాయనడానికి బ్రిటన్ అనుభవమే సాక్ష్యం. అక్కడ టావిస్టాక్ సంస్థ పిల్లల కోసం నడిపిన జెండర్ క్లినిక్‌కు 2009లో సుమారు 50 మందినే పంపారు. 2021-22లో ఆ సంఖ్య 5,000 దాటింది. మొదట్లో మగపిల్లలుగా పుట్టినవారు ఎక్కువ. తర్వాత కౌమారంలోని ఆడపిల్లలు ఎక్కువయ్యారు. వీరిలో చాలామందికి దిగులు, ఆందోళన, తిండికి సంబంధించిన రుగ్మతలు, ఆటిజం వంటివీ ఉన్నాయనీ, జెండర్ మాట రాగానే మిగతా బాధలు మరుగున పడ్డాయనీ ఆ సేవలపై డాక్టర్ హిలరీ కాస్ జరిపిన సమీక్ష చెప్పింది. నన్ను ఎక్కువగా కలచివేసింది ఈ మాటే. జెండర్ సంగతి ఎటు తేలినా, ఆ దిగులుకు వైద్యం అందాల్సిందే కదా!

పిల్లలు తమ దేహాన్ని చూసుకునే చూపును చుట్టూ ఉన్న లోకం మార్చగలదు. ఫిజీలోని నద్రోగా ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. బరువు తగ్గాలని వాంతి చేసుకునే బాలిక ఒక్కరూ ఆ ఏడాది సర్వేలో కనబడలేదు. 1998 సర్వేలో 11.3 శాతం మంది ఆ పని చేస్తున్నామన్నారు. అంతమాత్రాన జెండర్ డిస్ఫోరియా కూడా చూసి నేర్చుకున్నదేనని తేల్చడం అన్యాయం. సన్నబడాలన్న తపన వేరు, ఈ స్త్రీదేహమే నాది కాదన్న వేదన వేరు. అయితే రెండూ తరచు ఒకే వయసులో, నెలసరి మొదలై, బయటి చూపులు గుచ్చుకునే రోజుల్లోనే బయటపడతాయి. ఒక్కో పిల్లలో రెండూ కలిసే ఉండవచ్చు. వాటిని విడదీసి చూడటానికి ఓపికగా వినే వైద్యులు కావాలి.

ఈ వాదన ట్రాన్స్ వ్యక్తులను కాదనేవారికి ఆయుధమవుతుందన్న భయం నిజమైనదే. కానీ కొందరికి వైద్యపరమైన మార్పే సరైన దారి కావచ్చని కాస్ నివేదిక కూడా ఒప్పుకుంది. మన సుప్రీంకోర్టు 2014లోనే ట్రాన్స్‌జెండర్ల గుర్తింపు హక్కును నిలబెట్టింది. దాన్ని తగ్గించమని నేను అడగడం లేదు. ఎదిగే దేహం ఎవరి కోసమూ ఆగదు, ఆలస్యమూ హానేనన్నది ఇంకా బలమైన అభ్యంతరం. నిజమే, ఏళ్ల తరబడి క్యూలో నిలబెట్టడాన్ని జాగ్రత్త అనలేం. యుక్తవయసు మార్పులను ఆపే మందులపై ఆధారాలు బలహీనమని కాస్ తేల్చారు. ఆధారాలను తూచిన పద్ధతినే తప్పుబట్టిన వైద్యులూ ఉన్నారు. ఆ చర్చ తెగేదాకా మందుల విషయంలో నిదానం ఉండాలి గానీ, మనిషిని పలకరించడంలో ఉండకూడదు. తొలి వారాల్లోనే ఒక వైద్యురాలు ఎదురుగా కూర్చుని, తిండి, నిద్ర, నెలసరి, బడిలో వేధింపులు, ఇష్టంలేని స్పర్శలు, ఆ పిల్ల తనను తాను ఏమనుకుంటోంది, అన్నీ అడగాలి. ఏ జవాబు వచ్చినా వెక్కిరించకూడదు. ప్రభుత్వాలు నిధులు పెట్టాల్సింది ముందుగా ఇక్కడే.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హనుమకొండ